తీసినోడే పెట్టాలె

శవానికి స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపుతరు గద. మా అన్న మొలతాడు తెంపినప్పుడు దానికి కట్టి ఉన్న ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి రాళ్ల మీద పడ్డది. ఆయన తమ్ముని కొడుకు దాన్ని తీసి, తిప్పి తిప్పి చూసి, "ఇది దేనిది కాకా? బీరువకు ఇంత లావుది ఉండదు గద" అని నన్నడిగిండు. "తెల్వది బిడ్డా" అన్న. తెలుసు. తెలిసే చెప్పలే. అంత మంది నడుమ, నీళ్లు కారుతున్న ఆ మనిషి ముంగట ఎక్కడ మొదలువెట్టి చెప్పాలె?

అక్కడికి వచ్చినోళ్లందరిది ఒక్కటే మాట. మంచోడు పాపం, మంచోడు పాపం. నాకు ఒళ్లు మండింది. సచ్చినోళ్లందరు మంచోళ్లే, సావంగనే అందరికి ఆ బిళ్ల తగిలిస్తరు. ఆయన మంచోడే, నేను కాదంటలేను. గని ఆ మంచితనం, ఆ పద్ధతి, అవే మా వదిన పానం తీసినయి. ఆయన బతికి ఉన్నన్ని రోజులు ఈ మాట నేను బయట ఎవ్వలతోని అనలే. ఇప్పుడంటున్న.

మేమిద్దరం గోదావరిఖనిల ఒక్క బొగ్గు బాయిల పని చేసినోళ్లం. క్వార్టర్లల మా గోడ, ఆయన గోడ ఒకటే. నేను హాలర్ నడిపేటోణ్ని, అంటె బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతోని పైకి గుంజే మిషిను. ఆయన ఎలక్ట్రిషన్. వయసుల పెద్దోడు, అందుకే అన్న. ఆయన పెండ్లాం నాకు వదిన. వాళ్లకు పిల్లలు కాలే. నన్ను "తమ్మీ" అని పిలిచేటోడు, ఆ పిలుపుల "మీ" మీద కొంచెం ఎక్కువ సేపు ఆగేటోడు. అట్ల పిలిచిండంటె ఏదో పని చెప్పబోతున్నడని అర్థం.

ఆయనకు ఒక అలవాటుండె. దేన్ని ముట్టాలన్నా ముందుగాల చెయ్యి మర్లేసి, ఎనుక దిక్కు తాకిచ్చేటోడు. అరచేతితోని ముడితె, అండ్ల కరెంటుంటె, చెయ్యి ముడుసుకపోయి దాన్నే పట్టుకుంటది. మర్లేసి తాకితె చెయ్యి ఎనుకకు కొడ్తది, మనిషి బతుకుతడు. బాయిల కరెంటు పని చేసేటోళ్లకు ఇది మామూలే. ఈయన మాత్రం అన్నం తలెను గూడ అట్లనే ముట్టేటోడు. చాయ్ గిలాసను గూడ. "చాయ్‌ల గూడ కరెంటుంటదానె అన్నా?" అని నేను ఎక్కిరిస్తె, "లేదని నీకెవ్వలు చెప్పిన్రు?" అనేటోడు. మొఖంల నవ్వే ఉండకపోయేది. వదినకు జ్వరమొస్తె నుదురు మీద పెట్టేది గూడ చేతి ఎనుక దిక్కే.

ఇంకొకటి, ఆయన మాట. తీసినోడే పెట్టాలె. బాయిల కేబుల్ రిపేరుకు పోయేటోడు ముందు స్విచ్చు తీస్తడు, తాళం వేస్తడు, చెవి జేబుల వేసుకొని పనికి పోతడు. మళ్ల వాడు వచ్చి, వాని చేతితోని పెడితెనే కరెంటు. మేనేజరు చెప్పినా, మంత్రి చెప్పినా ఇంకొకడు ముట్టద్దు. బాయిల దిగిన ప్రతి ఒక్కనికి ఇది నరాలల్ల ఎక్కిన సంగతి. మేం అది బాయి కాడ ఇడిసిపెట్టి ఇంటికి వచ్చేటోళ్లం, ఆయన ఇంటికి తెచ్చుకునేటోడు. ఒక ఎండకాలం నేను ఆయన ఇంటికి పోతె, చొక్క చెమటకు తడిసి ముద్దయినా ఫ్యాను వెయ్యడు. "అన్నా, ఉడుకపోతున్నది, జర ఫ్యానెయ్యి" అన్న. "మీ వదిన బంద్ చేసింది. ఆమె వచ్చి ఏస్తది" అన్నడు. వదిన నల్ల కాడ నీళ్లకు పోయింది. ఆమె బిందె పట్టుకొని వచ్చేదాక ఇద్దరం ఇసురుకోకుండ ఉడికినం. వదిన వచ్చి చూసి, "ఓయమ్మా, ఈ మనిషితోని నాకెక్కడి గోస" అని నవ్వుకుంట బటన్ ఒత్తింది.

ఆ పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఒక్కసారే చెప్పిండు. వయసుల ఉన్నప్పుడు ఆయనకొక జతగాడుండె. కేబుల్ జాయింటు కాడ పని చేస్తున్నడు. "నేనే తీసిన తమ్మీ. తాళం వెయ్యలే. నీళ్లు తాగి వచ్చేసరికి ఎవ్వడో పెట్టిండు. ఎవడో ఇయ్యాల్టికి తెల్వది." ఇంతే. చెప్పుకుంట కాళ్ల బూటు తాడు ముడి విప్పుతున్నడు, కడుతున్నడు, మళ్ల విప్పుతున్నడు.

ఇగ కారు సంగతి. వదినకు దమ్ము బీమారి. పక్క పొంటి ఓపెన్‌కాస్టు, అంటె మీదినుంచే తవ్వే బాయి, వచ్చినంక బ్లాస్టింగు కొడితె కిటికీలు గజగజ ఊగేటియి, ఎనుకనే దుమ్ము వచ్చి గిన్నెల మీద, పక్క బట్టల మీద, మా ముక్కులల్ల కూసునేది. వదినకు దమ్ము లేసిందంటె చూసేటోళ్లకు గూడ ఊపిరాడకపోయేది. పీల్చే పంపుతోని ఒక్కోపారి ఆగేది, ఒక్కోపారి ఆగకపోయేది. ఆటోల నిటారుగ కూసోలేదు, ఎనుకకు ఒరిగి ఉండాలె. అందుకే అన్న మంథనిల ఒక పంతులు సారు ఇంటి ముంగట ఏండ్ల సంది నిలబడి ఉన్న పాత పెట్రోలు అంబాసిడర్ కొనుక్కొచ్చిండు. తెల్లది అంటరు గని తెలుపు ఎక్కడుందో ఎతుక్కోవాలె. వాడంతా నవ్వింది. "అన్నా, ఏనుగును తెచ్చినవు, మావటిని గూడ తెచ్చినవా?" అని నేను గూడ అన్న. ఆయన ఎనుక తలుపు తీసి చూపిచ్చిండు. "మీ వదిన ఈ సీట్ల కాళ్లు చాపుకొని పంటది. మీ కొత్త కార్లల పంటదా?"

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. "నేను డ్యూటీల ఉంటె నువ్వు తోలాలె తమ్మీ" అని, బండి తాళాలు తలుపు పక్క మేకుకు తగిలిచ్చి పెట్టిండు, నాకు అందేటట్టు. ఆ బండిల వదినను దవాఖానకు తోలి మళ్ల నవ్వుకుంట తెచ్చిన రోజులు ఉన్నయి. ఏనుగని ఎక్కిరిచ్చిన నేనే దాన్ని కడిగేటోణ్ని.

ఒకరోజు దవాఖాన నుంచి వచ్చేటప్పుడు డాష్‌బోర్డు కింద నుంచి పొగ లేసింది. పాత వైర్లు, మీది తోలు పగిలిపోయినయి, ఎలుకలు కొన్ని కొరికినయి. ఎనుక సీట్ల వదిన. లేక లేక ఊపిరి అందిన మనిషికి మళ్ల పొగ. అన్న బండి ఆపి, బానెట్ లేపి, బ్యాటరీ వైరు ఉత్త చేతితోని పీకిండు. అరచెయ్యి కాలింది. ఆ మనిషి ముందు మర్లేసి చూడకుండ అరచేతితోని దేన్నన్నా ముట్టంగ నేను చూసింది అదొక్కసారే.

అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు. బండి నిలిపేది వదిన పండుకునే కిటికీ కింద. నిలబడ్డ బండిల గూడ బ్యాటరీ నుంచి కరెంటు వైర్లల్లకు పోతనే ఉంటది. కనపడ్డ వైర్లన్ని మార్చిండు, గని లోపట కనపడనియి ఎన్నున్నయో! అందుకే బ్యాటరీనే కోసేసే స్విచ్చు తెచ్చిండు. లారీలకు పెడ్తరు చూడుండ్రి, ఎర్ర చెవి తిప్పి గుంజితె బండంతా సచ్చినట్టు అయితది, అది.

ఆదివారం పొద్దుగాల పెట్టుకున్నం. నేను నట్లు తిప్పే పానాలు అందియ్యాలె, ఆయన చెయ్యాలె. మైనస్ దిక్కు వైరు ముందు తీసిండు. "అర్తు ముందు తియ్యాలె, అర్తు ఎనుక పెట్టాలె. గట్లయితె పానా జారినా నిప్పు లేవది" అన్నడు. బ్యాటరీ పక్క రేకుకు బెజ్జం కొట్టి స్విచ్చు బిగిచ్చిండు. ఎనుక దిక్కు రెండు లావు బోల్టులు. వెల్డింగోళ్లు వాడే లావు కేబుల్ ముక్క కోసి, రెండు కొసలకు బోల్టుకు పట్టే ఇత్తడి లగ్గులు తొడిగి, రాయి మీద పెట్టి సుత్తితోని నొక్కిండు. ఆ ముక్క బ్యాటరీ నుంచి ఒక బోల్టుకు, పాత వైరు ఇంకో బోల్టు నుంచి బండి ఒంటికి. నట్టు బిగిచ్చినంక లాగి చూసిండు, మళ్ల బిగిచ్చిండు, మళ్ల లాగిండు. "చాలు తియ్యె, ఏనుగును కట్టేస్తున్నవా?" అన్న. వినలే. చెవి పెట్టి తిప్పితె లైట్లు ఎలిగినయి. మర్లేసి గుంజితె ఆరిపోయినయి. పెట్టిండు, గుంజిండు, పెట్టిండు, గుంజిండు. అంత సంతోషం ఆ మొఖంల నేను మళ్ల చూడలే.

ఆ స్విచ్చుకు రెండు చెవులు వచ్చినయి. ఒకటి మొలతాడుకు కట్టుకున్నడు. ఇంకొకటి వదినకు ఇస్తడనుకున్న. రాయి మీద పెట్టి సుత్తితోని పగులగొట్టిండు. "ఏందన్నా గిది!" అన్న. "రెండు చెవులున్నయంటె తాళమే కాదు. ఎవ్వడో పెట్టి మరిచిపోతడు. కిటికీ కింద కాలుతది. ఆమె లోపట ఉంటది." వదిన గడపల కూసోని బియ్యం చెరుగుతున్నది. చాట ఆపింది.

"మరి నువ్వు డ్యూటీల ఉండంగ నాకు దమ్ము లేస్తె?"

"నేనొస్త."

"బాయిల నుంచి రెక్కలు కట్టుకొని వస్తవా?"

ఆయన పానాలు తుడుసుకుంట కూసున్నడు. వదిన చాట పక్కకు పెట్టి లోపటికి పోయింది, ఏడుస్తున్నదని ముక్కు చప్పుడుకు తెలిసింది. నేను మా ఇంటికి పోయిన. మొగడు పెండ్లాల నడుమ నాకేం పని? తెల్లారి చూస్తె ఇద్దరు మంచిగనే ఉన్నరు. వదిన నన్ను చూసి, "ఫికర్ లేదు, మీ అన్న నాకు తొవ్వ చూపిచ్చిండు" అన్నది. ఏం తొవ్వనో నేను అడుగలే.

తెలంగాణ కోసం బందులు జరిగే రోజులు. ఒక బంద్ నాడు బాయిలు నడువలేదు, నేను ఇంట్లనే ఉన్న. పంపులు మాత్రం ఆపద్దు, ఆపితె బాయంతా నీళ్లు నిండుతయి. అందుకే ఎలక్ట్రిషన్లు, పంపోళ్లు దిగిన్రు. అన్న గూడ దిగిండు. ఎర్ర చెవి ఆయన మొలకే ఉన్నది.

చౌరస్తల టైర్లు కాలవెట్టిన్రు. ఆ నల్ల పొగ గాలికి మా వాడకు మర్లింది. నా పెండ్లాం ఉరికొచ్చి "జల్ది రా, వదినకు అయితలేదు" అన్నది. పోయి చూస్తె వదిన గడపల కూసోని, తలుపు చౌకట్టు పట్టుకొని ఉన్నది, మెడ నరాలు తాళ్లలెక్క లేసినయి. పంపు పీల్చి పీల్చి పక్కన పారేసింది. మేకుకున్న తాళాలు తీసుకొని బండెక్కి తిప్పిన. చప్పుడు లేదు. లైటు గూడ లేదు. గప్పుడు నాకు చెవి యాదికొచ్చింది.

వాడంతా కూడింది. అందరు బాయి మనుషులే. ఒకడు బానెట్ లేపి స్విచ్చు మీద చెయ్యి పెట్టబోయిండు. "ముట్టకు రా, చెవి ఆయన కాడ ఉన్నది" అన్నరు ఎవ్వలో. వాడు నిప్పు తగిలినట్టు చెయ్యి గుంజుకున్నడు. ఇంకొకరు అన్నది కాదు, మా అందరి ఒంట్ల ఉన్నది అదే. తీసినోడు కింద ఉన్నడు, పెట్టేది ఆయనే. ఒక పిలగాన్ని మోటర్‌సైకిల్ మీద బాయి కాడికి తోలినం, కిందికి ఫోన్ చేపిచ్చి చెవి తెమ్మని. అంబులెన్సుకు ఫోన్ చేస్తె వేరే కాడికి పోయింది, వస్తది అన్నరు. ఆటో ఒక్కటి లేదు. బండిని వాడ పొడుగు నూకినం. పెట్రోలు బండికి కరెంటు లేకుంటె నూకితె ఏం లాభం? తెలిసే నూకినం, ఊకె నిలబడలేక.

వదిన లేసింది. గోడ పట్టుకొని బండి దిక్కు వచ్చింది, మోకాళ్ల మీద పడ్డది. నా పెండ్లాం పట్టుకొని మళ్ల కూసోవెట్టింది. "వదినా, ఇంకో చెవి ఉన్నదా యాడన్న?" అని అడిగిన. లేదన్నట్టు తల ఊపింది. లేపి ఉన్న బానెట్ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. నోరు తెరిసింది, సుట్టు నిలబడ్డ మొగోళ్లందరిని చూసింది, నోరు మూసింది. ఊపిరి అందక మాట రాలేదు అనుకున్న.

బాయి కాడికి పోయిన పిలగాడు ఇంకా రాకపాయె, ఇగ చెవి కోసం ఆగద్దు, ఏమైతె అదైతదని మోటర్‌సైకిల్ తీసిన. వదినను నడుమ కూసోవెట్టి, నా పెండ్లాం ఎనుక నుంచి గట్టిగ పట్టుకున్నది. చౌరస్తల పోరలు మమ్ములను చూసి కాలుతున్న టైర్లను కాళ్లతోని తన్ని తొవ్వ ఇచ్చిన్రు, కొంత దూరం పక్క పొంటి ఉరికిన్రు. దవాఖాన గేటు కనపడుతున్నది. ఎనుక నుంచి నా పెండ్లాం అన్నది, "ఇగ మెల్లగ పోనియ్యి." నాకు అర్థం కాలే. "మెల్లగ పోనియ్యి, ఇగ జల్ది అక్కర లేదు" అన్నది.

అన్న బాయి నుంచి సక్కగ దవాఖానకే వచ్చిండు. మొఖమంతా బొగ్గు. వదిన చెంపకు చేతి ఎనుక దిక్కు ఆనిచ్చి చానసేపు ఉంచిండు. నన్ను చూసి అడిగిండు.

"ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్పలే అన్నా."

"బండిని ఎవ్వలన్న ముట్టిన్రా?"

"ఎవ్వలు ముట్టలే."

తల ఊపిండు. "మంచిగ జేసిన్రు" అన్నడు.

పెండ్లాం పక్కన సచ్చి పడి ఉంటె, బండిని ముట్టలేదని మంచిగ జేసిన్రంటడా! ఆ రోజు ఆయన మీద నాకు పుట్టిన అసయ్యం ఇంతంత కాదు. సుట్టపోళ్లు ఉన్నరని ఊకున్న. తర్వాత చాన రోజులు ఆయన గడప తొక్కలే. ఆయన మాత్రం ప్రతి ఆదివారం బండి కాడికి వచ్చేటోడు. చెవి పెట్టి, స్టార్టు చేసి, కొద్దిసేపు ఇంజను తిరగనిచ్చి, మళ్ల చెవి గుంజి మొలకు కట్టుకొని లోపటికి పోయేటోడు. ఎనుక సీటు దిక్కు చూడకపోయేది. నేను గోడ ఇవుతల నుంచి విని పండ్లు కొరుక్కునేటోణ్ని.

రిటైరైనంక క్వార్టరు ఖాళీ చేసే రోజు, ఇనుప సామాన్లోడు బండికోసం రాకముందు, "తమ్మీ" అని పిలిచిండు. పోయిన. బానెట్ లేపి ఉన్నది. స్విచ్చుకు చెవి లేదు. "కూసో. తాళం తిప్పు" అన్నడు. తిప్పితె ఏముంటది, పీనుగే గద. ఆయన ఒక పానా తీసుకొని, స్విచ్చు ఎనుక ఉన్న రెండు బోల్టుల మీద అడ్డం పెట్టి నొక్కి పట్టుకున్నడు. "ఇప్పుడు తిప్పు." తిప్పిన. ఇంజను లేసింది.

నేను దిగి వచ్చిన. "ఇంతేనా అన్నా?"

"ఇంతే."

"మా ఇంట్ల పానాలున్నయి. ఆ రోజు అందరిండ్లల్ల పానాలున్నయి. ఒక్క మాట మాకు చెప్పకపోతివి!"

"మీ వదినకు చెప్పిన" అన్నడు.

మిగిలింది గూడ ఆయనే చెప్పిండు, నా మొఖం చూడకుండ. చెవి పగులగొట్టిన నాడు వదిన రాత్రి దాక ఏడ్చిందంట. గప్పుడు ఈ తొవ్వ చూపిచ్చిండంట. పానా నువ్వే పెట్టు, తమ్ముడు తాళం తిప్పుతడు. తీసినోడే పెట్టాలె, పెండ్లాం చెయ్యి వేరు, నా చెయ్యి వేరు కాదు గద. ఇంకెవ్వలకు చెప్పకు, చెప్తె ప్రతోడు పెడ్తడు. అని ఆమె చెయ్యి తన తల మీద పెట్టిచ్చుకొని ఒట్టేయించుకున్నడంట.

"లేవరాకుండ అయితదని నేను అనుకోలే తమ్మీ. లేవలేనప్పుడన్నా చెప్తదనుకున్న. ఒట్టుదేముంది, మాటవరుసకు వేయించిన. అంత గట్టిగ పట్టుకుంటదని నాకేమెరుక?"

దవాఖానల ఆయన నన్నడిగింది గది. బండి గురించి కాదు. ఆమె చెప్పిందా లేదా అని.

ఆయన్ని కొట్టాలనిపిచ్చింది, నిజం. పట్టుకొని ఏడవాలని గూడ అనిపిచ్చింది. రెండు చెయ్యలే. ఇనుపోడు వచ్చి బండికి తాడు కట్టుకున్నడు. "స్విచ్చు చెవేది?" అని అడిగితె, "స్విచ్చు పీకేసుకో, చెవి ఇయ్య" అన్నడు అన్న. తెల్లారి తమ్ముని ఊరికి పోయిండు. ఇగ ఆయన్ని నేను చూసింది మొన్న, రాళ్ల మీద పండవెట్టినప్పుడే.

ఇనుపోడు బండిని గుంజుకపోయిన రోజు ఇంటికి వచ్చి నా పెండ్లాంకు అంతా చెప్పిన. తోటకూర కోస్తున్నది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. నేను ఆగలే, ఒర్రిన. "పానం పోతుంటె ఒట్టేందే? పిచ్చిదా ఆమె? సుట్టు అంత మందిమి ఉన్నం, ఒక్క మాట, పానా అంటె సరిపోయేది గద!"

అది నా దిక్కు చూసింది.

"ఆ యాళ్ల అన్న ఏడున్నడు?"

"ఏడుంటడు, బాయిల."

"బాయిల ఉన్న మొగని తల మీద వేసిన ఒట్టు ఎవ్వతి తప్పుతది? ఆమె జాగల నేనున్నా నోరిప్పకపోయేదాన్ని."